‘పోస్ట్’ అని మొదలయ్యే ఇంగ్లిష్ మాటలన్నిటికీ ‘తర్వాత’ అనే అర్థమేనా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మీది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడి మొత్తం మరాఠీ మీడియం, ఇప్పుడు ఎంపీఎస్‌సీ, అంటే మహారాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ పరీక్షల కోసం ఇంగ్లిష్ చదువుతున్నారు. ఒక గైడులో ‘పోస్ట్ అంటే వెనక’ అని ఉంది, ఇంకో గైడులో ‘తర్వాత’ అని ఉంది. పోస్ట్‌మార్టమ్, పోస్ట్‌పోన్, పోస్టాఫీసు, ఈ మూడింటిలో ఉన్నది ఒకటే పోస్టా? పెద్ద లిస్టు బట్టీ పట్టకుండా గుర్తుపెట్టుకునే దారి ఏమైనా ఉందా? ఇదీ మీరు అడిగింది.

సూటిగా జవాబు ఇదమ్మా. మాట ముందు ఉపసర్గగా తగిలే పోస్ట్ లాటిన్ నుంచి వచ్చింది, దానికి ‘తర్వాత’ అనే అర్థం పెట్టుకోండి. ‘వెనక’ అనే అర్థం కూడా ఉంది కానీ అది ఎక్కువగా శరీర భాగాల గురించి చెప్పేటప్పుడే వస్తుంది. పోస్టాఫీసులో ఉన్నది, ఉద్యోగం పోస్టు, గోల్‌పోస్టు, ఇవేవీ ఆ ఉపసర్గ కావు. ఇక బట్టీ లేకుండా గుర్తుపెట్టుకునే దారి మీ మరాఠీలోనే ఉంది. అది కిందికి వెళ్లాక చెప్తాను, ఎందుకంటే దానికంటే ముందు ‘వెనక’ అన్న మాట మనల్ని ఎలా ముంచుతుందో చెప్పాలి.

నేను ఈ తాలూకాలోనే మరాఠీ మీడియం బడిలో 28 ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. పిల్లలు నన్ను బాయి, అంటే టీచరమ్మ, అనేవారు. తరగతిలో సగానికి పైగా ఇళ్లలో తెలుగు, కొందరి ఇళ్లలో గోండి లేదా మాడియా. బోర్డు మీద మరాఠీ. ఒక ఇంగ్లిష్ మాట పిల్లవాడి బుర్రలోకి వెళ్లేలోపు రెండు భాషలు దాటాలి. దాటే దగ్గరే తప్పు జరుగుతుంది.

మొదటి కొన్నేళ్లు నేను కూడా పిల్లల చేత ‘పోస్ట్ = మాగె, వెనక’ అని రాయించాను. నా దగ్గరున్న గైడులో అలాగే ఉండేది. ఆ నోటుబుక్కు ఒకటి నా ముందుకే తిరిగి వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లవాడి తండ్రి మిర్చి పండించేవాడు. కాయ ఎండబెట్టి ఒక వ్యాపారికి అమ్మితే, ఆయన చేతికి చెక్కు ఇచ్చి ‘పోస్ట్ డేటెడ్’ అన్నాడు. తండ్రి ఇంటికొచ్చి కొడుకును అడిగాడు. కొడుకు నా నోట్సు తీసి చూసి ‘వెనకటి తేదీ వేసిన చెక్కు, బాపూ’ అని చెప్పాడు. వెనకటి తేదీ అంటే ఆ రోజు గడిచిపోయినట్టే కదా అని ఆయన మర్నాడే బస్సెక్కి బ్యాంకుకు వెళ్లాడు. చెక్కు పైన కుడివైపు తేదీకి ఎనిమిది చిన్న గడులుంటాయి. వాటిలో ఉన్నది ఇంకా ఇరవై రోజులకు వచ్చే తేదీ. కౌంటర్ దగ్గర ‘తేదీ రాలేదు, అప్పుడు రండి’ అని తిప్పి పంపారు. మిర్చి ఏరిన కూలీలకు ఆ రోజే డబ్బులిస్తానని ఆయన మాట ఇచ్చి ఉన్నాడు. వ్యాపారి దొంగ చెక్కు ఇచ్చాడనుకుని పెద్ద గొడవ చేశాడు. తర్వాత ఆ నోటుబుక్కు పట్టుకుని బడికి వచ్చి, నా బల్ల మీద తెరిచిపెట్టి, ఆ వాక్యం కింద వేలు పెట్టి చూపించాడు. ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఆ వేలు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. చేతికి మిర్చి ఘాటు పోక గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా ఉంది.

ఆ రోజు నుంచి నా తరగతిలో పోస్ట్‌కు ‘వెనక’ అని రాయించడం మానేశాను.

కారణం చూడండి. తెలుగులో ‘వెనక’ రెండు వైపులా తిరుగుతుంది. ‘వెనకటి రోజుల్లో’ అంటే గడిచిపోయిన కాలం. ‘ఆయన వెళ్లాడు, ఆ వెనకే నేను వెళ్లాను’ అంటే తర్వాత. ‘ముందు’ కూడా అంతే. ‘ముందు రోజుల్లో ఏమవుతుందో’ అంటే రాబోయే కాలం, ‘ముందే చెప్పాను’ అంటే గడిచిన కాలం. మనం మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది రాదు, వాక్యం సర్దేస్తుంది. ఒక్క మాటకు ఒక్క మాట అర్థం రాసుకున్నప్పుడు మాత్రం కొంప మునుగుతుంది. ‘తర్వాత’ అనే మాటకు ఈ గొడవ లేదు, అది ఒకవైపే చూస్తుంది.

చెక్కు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. పోస్ట్ డేటెడ్ అంటే ఇంకా రాని తేదీ వేసినది. గడిచిపోయిన తేదీ వేస్తే అది బ్యాక్‌డేటెడ్ లేదా యాంటీడేటెడ్. ఆఫీసుల్లో ‘బ్యాక్‌డేట్ వేసి ఇచ్చారు’ అంటారే, అదీ మన ‘వెనకటి తేదీ’. పోస్ట్ డేటెడ్ చెక్కును ఆ తేదీ రాకముందు బ్యాంకు చెల్లించదు. వచ్చాక మూడు నెలల లోపు వేసుకోవాలి. 2012 ఏప్రిల్ 1కి ముందు ఈ గడువు ఆరు నెలలు ఉండేది, రిజర్వ్ బ్యాంకు మూడుకు తగ్గించింది.

ఇప్పుడు పోస్ట్‌పోన్. ఇది మన ప్రాంతంలో చదువుకునే పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. హైదరాబాదులో ఇంగ్లిష్ చెప్పేవాళ్లకు ఇది తట్టదు. మరాఠీలో పరీక్ష వాయిదా పడితే ఏమంటారు? ‘పరీక్షా పుఢే ఢకల్లీ’. పుఢే అంటే ముందుకు, ఢకల్లీ అంటే నెట్టారు. మాటకు మాట తెలుగు చేస్తే ‘పరీక్ష ముందుకు జరిపారు’. కానీ తెలుగువాడు ముందుకు జరిపారంటే పదిహేనో తేదీ పరీక్ష పదో తేదీకి వచ్చిందనుకుంటాడు. మరాఠీవాడేమో ఇరవయ్యో తేదీకి పోయిందంటున్నాడు. రెండూ ‘ముందే’, దిక్కులు మాత్రం ఎదురెదురు.

ఒక ఏడాది వానాకాలంలో ప్రాణహిత, గోదావరి రెండూ నిండుగా వచ్చి వాగులు పొంగాయి. ఘటక చాచణీ, అంటే యూనిట్ టెస్టు, వారం తర్వాతకు వేశారు. హాస్టల్ నుంచి ఊరికి వెళ్లిన ఎనిమిదో తరగతి అమ్మాయికి మరాఠీలో కబురు వెళ్లింది. ఆ పిల్ల తండ్రితో ‘పరీక్ష ముందుకు నూకిన్రట బాపూ’ అంది. పిల్ల చెప్పింది మరాఠీ అర్థం, తండ్రి విన్నది తెలుగు అర్థం. రేపో ఎల్లుండో పరీక్ష అనుకుని ఆయన ఆ రాత్రే బయలుదేరి, తెల్లారేసరికి పిల్లను బడికి తీసుకొచ్చాడు. నేను గేటు దగ్గరికి వెళ్లేసరికి ఇద్దరూ వరండాలో నిలబడి ఉన్నారు. నడుము దాకా తడి. పిల్ల చేతిలో కంపాస్ పెట్టె, పుస్తకాలు ఒక యూరియా సంచిలో చుట్టి ఉన్నాయి, అవి మాత్రం పొడిగా ఉన్నాయి. దారిలో ఎన్ని వాగులు దాటారో నేను అడగలేకపోయాను.

అందుకే పోస్ట్‌పోన్‌కు ‘ముందుకు’, ‘వెనక్కి’ అనే మాటలు రెండూ వద్దు. ‘తర్వాతి తేదీకి వేశారు’ అనండి. ఇంగ్లిష్ మాటలో ఉన్నదీ అచ్చంగా అదే. లాటిన్‌లో ‘పొనెరె’ అంటే పెట్టడం, ఉంచడం. పోస్ట్ తర్వాత, పోన్ పెట్టు. తర్వాతకు పెట్టడం, అంతే. దీనికి ఎదురుగా మనవాళ్లు వాడే ‘ప్రీపోన్’ ఎక్కువగా భారతీయ ఇంగ్లిష్‌లో వినబడే మాట. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో కూడా ఉంది. తప్పు అని నేను దిద్దను, కానీ పరీక్షలో ‘అడ్వాన్స్’ అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు.

ఇక మొదట్లో చెప్పిన దారి. మీరు మరాఠీ మీడియంలో చదివారు కాబట్టి ఈ మాటలన్నీ మీకు వచ్చు: పదవ్యుత్తర్, మరణోత్తర్, మెట్రికోత్తర్ శిష్యవృత్తీ, కార్యోత్తర్ మంజురీ, స్వాతంత్ర్యోత్తర్, యుద్ధోత్తర్. వీటన్నిటి చివర ఉన్న ‘ఉత్తర్’ తీసి ముందుకు తెచ్చి ‘పోస్ట్’ పెట్టండి. పోస్ట్ గ్రాడ్యుయేట్, పోస్ట్యుమస్, పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, పోస్ట్ ఫ్యాక్టో శాంక్షన్, పోస్ట్ ఇండిపెండెన్స్, పోస్ట్ వార్. మరాఠీ వెనక తగిలించే ఉత్తర్‌నే ఇంగ్లిష్ ముందు తగిలిస్తుంది. మీ దగ్గర లిస్టు ఇప్పటికే ఉంది, దాన్ని తిప్పి చదవడం ఒక్కటే మిగిలింది. తెలుగులో ఇదే పనికి ‘అనంతర’ ఎక్కువ వాడతాం: మరణానంతర, యుద్ధానంతర, స్వాతంత్ర్యానంతర. స్నాతకోత్తర లాంటి చోట మనమూ ‘ఉత్తర’ అనే అంటాం. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉత్తరక్రియలు, రామాయణంలో ఉత్తరకాండ, వీటిలోనూ ఉన్నది ఆ ‘తర్వాత’నే.

ఒక ముచ్చట చెప్తాను, పిల్లలకు ఇది బాగా నచ్చేది. సంస్కృతంలో ‘ఉత్తర’ అంటే తరువాతిది. ప్రశ్న తర్వాత వచ్చేది కాబట్టి జవాబు కూడా ఉత్తరమే. ఆ మాటే తెలుగులో మనం రాసుకునే జాబుకు పేరైంది. అంటే తెలుగువాడికి పోస్టులో వచ్చేదీ ఉత్తరమే, పోస్ట్ అనే ఉపసర్గ అర్థమూ ఉత్తరమే. ఇంగ్లిష్‌లో ఆ రెండు పోస్టులకూ చుట్టరికం లేదు, యాదృచ్ఛికంగా ఒకేలా కనిపిస్తాయి. కానీ గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి కొక్కెం నాకు దొరకలేదు.

జాగ్రత్త కూడా చెప్పాలి. ఉత్తర్ ఉన్న ప్రతి మాటా పోస్ట్ కాదు. ప్రశ్నోత్తర్‌లో ఉన్నది జవాబు, లోకోత్తర్‌లో ఉన్నది ‘మించిన’ అనే అర్థం. పోస్ట్‌మార్టమ్‌కు మరాఠీలో శవవిచ్ఛేదన్ అని కూడా అంటారు, ఆ మాటలో ఉత్తర్ కనబడదు.

మెట్రికోత్తర్ గురించి ఇంకో మాట. ప్రతి ఏడాదీ ఎవరో ఒక పదో తరగతి పిల్లవాడి తల్లిదండ్రులు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఫారం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు. ‘మెట్రిక్ చదువుతున్నాడు కదా బాయి’ అనేవారు. మెట్రిక్ అంటే పదో తరగతి పాస్ కావడం, పోస్ట్ మెట్రిక్ అంటే అది అయిపోయాక. పదకొండు నుంచి పైన చదివేవాళ్లది ఈ స్కాలర్‌షిప్, తొమ్మిది పది తరగతుల వాళ్లది ప్రీ మెట్రిక్. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు ఈ పోస్ట్ మెట్రిక్ పథకం 1944లో మొదలైంది. ఇప్పుడు మహారాష్ట్ర ప్రభుత్వ మహాడీబీటీ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో నింపాలి. అక్కడ తప్పు పథకం నొక్కితే మళ్లీ సరిచేసుకునేలోపు గడువు పోతుంది. ఈ తప్పు పోస్ట్ తెలియక వచ్చింది కాదు, మెట్రిక్ అనే పాతమాట తెలియక వచ్చింది. మన దగ్గర ఇప్పుడు ఎవరూ మెట్రిక్ అనరు, దహావీ అంటారు, ఎస్ఎస్‌సీ అంటారు.

కాబట్టి మీరు నిజంగా నేర్చుకోవాల్సింది పోస్ట్ గురించి కాదు, దాని పక్కన ఉన్న రెండో ముక్క గురించి. పోస్ట్‌కు అర్థం ఒకటే, ఒక్క నిమిషంలో వస్తుంది. మార్టమ్ అంటే మరణం. స్క్రిప్ట్ అంటే రాత. మెరీడియమ్ అంటే మధ్యాహ్నం, అందుకే పీఎం అంటే మధ్యాహ్నం తర్వాత. పార్టమ్ అంటే కాన్పు, న్యాటల్ అంటే పుట్టుకకు సంబంధించినది. ప్రాండియల్ అంటే భోజనానికి సంబంధించినది. ఫ్యాక్టో అంటే జరిగిన పని. ఈ ఏడెనిమిది వస్తే పోస్ట్ మాటలే కాదు, మాన్యుస్క్రిప్ట్, ప్రీనేటల్, డీ ఫ్యాక్టో లాంటివి కూడా వాటంతటవే తెరుచుకుంటాయి.

పోస్ట్‌స్క్రిప్ట్ అంటే మనం జాబు చివర సంతకం చేశాక గుర్తొచ్చి రాసే ముక్క, పీఎస్. మన తెలుగులో దీన్ని ‘తా.క.’ అంటాం, తాజా కలం. మరాఠీలో కూడా అక్షరం పొల్లుపోకుండా ‘తా.క.’నే. ఈ ఒక్కచోట మన రెండు భాషలూ ఎక్కడా గొడవ పడవు.

ఆసుపత్రి మాటలు వేరుగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు పడితే నష్టం పెద్దది. మా వాడలో ఒక ఆశా కార్యకర్త ఉంది, నా దగ్గరే చదువుకున్న పిల్ల. ట్రైనింగ్‌కు వెళ్లొచ్చాక పేపర్లు పట్టుకుని వచ్చింది. ఒకచోట పీపీహెచ్ అని ఉంది, ఇంకోచోట పీపీబీఎస్ అని ఉంది. రెండిటిలోనూ పీపీ ఉంది కదా, రెండూ కాన్పు తర్వాతవేనా అని అడిగింది. మంచి ప్రశ్న. పీపీహెచ్‌లో పీపీ అంటే పోస్ట్ పార్టమ్, కాన్పు తర్వాత ఎక్కువ రక్తం పోవడం. ప్రాణం మీదికి వచ్చేది, ఆలస్యం చేయకూడదు. పీపీబీఎస్‌లో పీపీ అంటే పోస్ట్ ప్రాండియల్, తిన్న తర్వాత చూసే షుగరు. మొదటి పీ రెండిటిలోనూ పోస్టే, రెండో పీ వేరు.

ఆ పిల్లకు ఏఎన్‌సీ, పీఎన్‌సీ రిజిస్టర్లు రోజూ చేతిలో ఉంటాయి. ఏఎన్‌సీ అంటే యాంటీ న్యాటల్ కేర్, కాన్పుకు ముందు చూసేది. అందులో ఉన్నది ‘యాంటీ’, అంటే ముందు, ఏ-ఎన్-టీ-ఈ. వ్యతిరేకం అనే ‘యాంటీ’ చివర ఐ వస్తుంది, యాంటీబయాటిక్‌లో ఉన్నట్టు. పలికితే మనకు ఒకేలా వినబడతాయి, రాస్తే ఒక్క అక్షరం తేడా. పీఎన్‌సీ అంటే పోస్ట్ న్యాటల్ కేర్. ఆసుపత్రిలో కాన్పైతే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లి బిడ్డనూ తల్లినీ చూడాలి, ఇంట్లో కాన్పైతే మొదటి రోజు కూడా. ‘పోస్ట్ అంటే ఎంత తర్వాత?’ అని మీకు సందేహం రావచ్చు. మాట ఆ లెక్క చెప్పదు, ఆ పని నియమం చెప్తుంది. ఇక్కడ 42 రోజులు.

షుగరు పరీక్ష విషయంలో మా పెదనాన్నకు జరిగింది కూడా ఈ ‘ఎంత తర్వాత’ గొడవే. ల్యాబులో ‘తిన్న రెండు గంటలకు రండి’ అన్నారు. ఆయన తిని సరిగ్గా మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లాడు. తిన్నది ఒంటిగంటన్నరకు. రిపోర్టులో షుగరు బాగా ఎక్కువ చూపించింది, ఇంట్లో అందరికీ టెన్షన్. మళ్లీ చేయిస్తే అంత లేదు. భోజనం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కపెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఇది గడియారం చూపించి చెప్పండి.

‘వెనక’ అనే అర్థం ఎక్కడ నిజంగా ఉంటుందో ఇప్పుడు. పదకొండో తరగతి బయాలజీలో పోస్టీరియర్ వస్తుంది, దానికి ఎదురు యాంటీరియర్. ఇది చోటు గురించి, కాలం గురించి కాదు. మనిషిలో పోస్టీరియర్ అంటే వీపు వైపు. కప్ప, బొద్దింక లాంటి వాటిలో తలకు ఎదురుగా ఉండే వెనక కొస. జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి గొంతులోకి కారడాన్ని డాక్టర్లు పోస్ట్ నేజల్ డ్రిప్ అంటారు, అక్కడా వెనకే. వ్యాకరణంలో పోస్ట్‌పొజిషన్ అని ఒక మాట ఉంది. ఇంగ్లిష్‌లో ‘ఆన్ ద టేబుల్’ అని ఆన్ ముందు వస్తుంది, ప్రీపొజిషన్. మనం ‘బల్ల మీద’ అంటాం, మరాఠీలో ‘టేబలావర్’ అంటారు, నామవాచకం తర్వాత వస్తుంది. తెలుగు, మరాఠీ రెండూ పోస్ట్‌పొజిషన్ భాషలే. మన పిల్లలు ఇంగ్లిష్ ప్రీపొజిషన్ల దగ్గర తడబడటానికి ఇది పెద్ద కారణం. ఇంట్లో, బడిలో రెండుచోట్లా తర్వాత పెట్టడం అలవాటైన మాటను ఇంగ్లిష్‌లో ముందు పెట్టాలి.

పోస్టాఫీసు సంగతి. ఉపసర్గ అవునో కాదో చూడటానికి పుస్తకాల్లో ‘పోస్ట్ తీసేసి మిగిలిన మాట చూడు’ అంటారు. అది పోస్ట్‌పోన్ దగ్గర, పోస్టెరిటీ దగ్గర పనిచేయదు, మిగిలే ముక్క ఇంగ్లిష్ మాట కాదు కదా. నేను పిల్లలకు చెప్పే పద్ధతి వేరు. ఆ పోస్టును ‘టపాల్’ లేదా ‘జాగా’ లేదా ‘స్తంభం’ అని మార్చి చూడండి. సరిపోతే అది ఉపసర్గ కాదు. పోస్టాఫీసు, పోస్ట్‌మ్యాన్, పోస్టేజ్ టపాల్. బ్లాగు పోస్టును తెలుగువాళ్లు టపా అనే అంటున్నారు. ఉద్యోగం పోస్టు, పోస్టింగు, చెక్‌పోస్టు జాగా. గోల్‌పోస్టు, ల్యాంప్‌పోస్టు స్తంభం. పోస్టర్ కూడా స్తంభాలకు అంటించేది అనే దగ్గర్నుంచి వచ్చిందే. పోశ్చర్, పోస్టులేట్ మాత్రం ఈ మూడింటిలో ఇమడవు, ఉపసర్గా కాదు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి.

టపాల్ పోస్టు ఎలా పుట్టిందంటే, పాతకాలంలో యూరప్‌లో దారి పొడవునా దూరదూరంగా గుర్రాలను, మనుషులను ఉంచేవారు, ఒకరి చేతి నుంచి ఇంకొకరికి జాబు అందేది. ‘ఉంచిన చోటు’ అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. ఆ ‘ఉంచడం’ కూడా ఇందాకటి పొనెరెనే. అంటే పోస్ట్‌పోన్‌లో పోస్టాఫీసు చుట్టం ఉన్న మాట నిజమే, కానీ ఆ చుట్టం మొదటి ముక్కలో లేదు, చివరి ‘పోన్’లో ఉంది.

మీరు ఎంపీఎస్‌సీ అన్నారు కాబట్టి రెండు మాటలు ప్రత్యేకంగా.

మొదటిది ఎక్స్ పోస్ట్ ఫ్యాక్టో. పని జరిగిపోయాక వెనక్కి వర్తించేలా చేసిన చట్టం. రాజ్యాంగం 20(1) అధికరణ దీని నుంచి రక్షణ ఇస్తుంది: ఒక పని చేసినరోజు అమల్లో ఉన్న చట్టం ప్రకారం అది నేరం కాకపోతే, తర్వాత చట్టం తెచ్చి శిక్షించకూడదు. ఆఫీసు భాషలో కార్యోత్తర్ మంజురీ అంటే ఖర్చు చేసేశాక తీసుకునే మంజూరు, పోస్ట్ ఫ్యాక్టో శాంక్షన్. మరాఠీ పేపర్‌లో ఒకటి, ఇంగ్లిష్ పేపర్‌లో ఇంకొకటి కనబడితే రెండూ ఒకటేనని గుర్తుపట్టండి.

రెండోది మరణోత్తర్, ఇంగ్లిష్‌లో పోస్ట్యుమస్. రాసేటప్పుడు మధ్యలో హెచ్ ఉంటుంది, పలికేటప్పుడు పలకం. ‘పోస్ట్ హ్యూమస్’ అని విడగొట్టి చదివితే ఇంటర్వ్యూలో చెవికి తగులుతుంది, ‘పాస్ట్యుమస్’ అనాలి. లాటిన్‌లో అసలు మాట ‘పోస్టుమస్’, అందరికంటే చివరిది అని అర్థం. తండ్రి పోయాక పుట్టిన బిడ్డకు వాడేవారు. లాటిన్‌లో ‘హ్యూమస్’ అంటే మట్టి. పూడ్చిపెట్టాక అని ఉంటుందేమో అనుకుని తర్వాతివాళ్లు మధ్యలో హెచ్ చేర్చారు, అది అలాగే ఉండిపోయింది. ఉదాహరణలు అడిగితే మన రెండు రాష్ట్రాలకూ చెందినది ఒకటి చెప్పండి. పీవీ నరసింహారావు గారు తెలంగాణ మనిషి, మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచి 1984లో, 1989లో లోక్‌సభకు గెలిచారు. 2004లో కన్నుమూశారు. 2024లో భారతరత్న ఇచ్చారు, అది పోస్ట్యుమస్. మరణానంతరం భారతరత్న మొదట ఇచ్చింది 1966లో లాల్ బహదూర్ శాస్త్రి గారికి.

హైకోర్టులో చీఫ్ జస్టిస్ తప్ప మిగతా జడ్జీలను చట్టం పుస్తకాల్లో ‘ప్యూనీ జడ్జ్’ అని రాస్తారు. స్పెల్లింగు, పీ-యూ-ఐ-ఎస్-ఎన్-ఈ, చూస్తే ఆ ఉచ్చారణ అస్సలు ఊహించలేరు. పాత ఫ్రెంచిలో ‘తర్వాత పుట్టినవాడు’ అనే మాట అది, దాని వెనక లాటిన్ ‘పోస్ట్ నాటస్’ ఉంది. చిన్నగా, బలహీనంగా ఉన్నదాన్ని ఇంగ్లిష్‌లో ‘ప్యూనీ’ అంటారే, అదీ ఇదీ ఒకటే. ప్రిపాస్టరస్ అనే మాటలో కూడా పోస్ట్ దాక్కుని ఉంది: ప్రీ ముందు, పోస్టరస్ వెనకది. వెనక ఉండాల్సింది ముందుకొచ్చింది, అంటే అర్థం పర్థం లేనిది.

లాటిన్ పోస్ట్ చేసే పనినే ఇంగ్లిష్ సొంత మాట ‘ఆఫ్టర్’ కూడా చేస్తుంది, ఆఫ్టర్‌నూన్‌లో ఉన్నట్టు. వార్తల్లో తరచూ వచ్చే ఆఫ్టర్‌మాత్‌లో ‘మాత్’ అంటే గడ్డి కోత. ఒకసారి కోశాక మళ్లీ పెరిగే గడ్డి అని పాత అర్థం. వరి కోశాక కొయ్యకాళ్ల నుంచి పిలకలు రావడం మీరు పొలంలో చూసే ఉంటారు, అలాంటిదే. ఇప్పుడు వరద, యుద్ధం లాంటి వాటి తర్వాత మిగిలే పరిణామాలకు వాడుతున్నారు.

వ్యాసంలో పోస్ట్ మోడర్న్, పోస్ట్ కలోనియల్, పోస్ట్ ట్రూత్ లాంటివి వస్తే ‘అయిపోయాక’ అని సూటిగా రాయకండి. పోస్ట్ ట్రూత్‌ను ఆక్స్‌ఫర్డ్ 2016 సంవత్సరపు పదంగా ఎంచుకుంది. నిజం అయిపోయిందని కాదు, జనాభిప్రాయం మీద నిజం కంటే ఆవేశానికే ఎక్కువ పట్టు ఉన్న పరిస్థితి అని దాని అర్థం. పోస్ట్ కలోనియల్ అన్నప్పుడు పరాయి పాలన పోయింది, దాని ప్రభావం పోలేదు అనే ధ్వని ఉంటుంది.

హైఫన్ గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోవద్దు. బాగా అలవాటైన మాటలు కలిపి రాస్తారు. పెద్దక్షరంతో మొదలయ్యే మాట ముందు, టీతో మొదలయ్యే మాట ముందు హైఫన్ పెట్టండి. బ్రిటిష్ పద్ధతిలో హైఫన్లు ఎక్కువ, అమెరికన్ పద్ధతిలో తక్కువ.

ముందుగా ఈ పది పట్టుకోండి: పోస్ట్‌పోన్, పోస్ట్‌మార్టమ్, పోస్ట్యుమస్, పోస్ట్‌స్క్రిప్ట్, పోస్ట్ డేటెడ్, పోస్ట్ గ్రాడ్యుయేట్, పోస్ట్ న్యాటల్, పోస్టీరియర్, పోస్టెరిటీ, ఎక్స్ పోస్ట్ ఫ్యాక్టో. పోస్టెరిటీ ఒక్కటే నేను వివరించలేదు, అంటే మన తర్వాతి తరాలు. ఒక్కోదానికి మూడు గడులు గీయండి: మరాఠీ, తెలుగు, ఇంగ్లిష్. తెలుగు గడిలో ‘వెనక’ అని రాయాల్సి వస్తే అది పోస్టీరియర్ దగ్గరే రావాలి, ఇంకెక్కడైనా వచ్చిందంటే ఆగి మళ్లీ చూడండి. ఆ తర్వాత ఒక్కోదాంతో మీ ఊరి సంగతి ఒక వాక్యం ఇంగ్లిష్‌లో రాసి కింద పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత నేను చూస్తాను, తప్పులుంటే దిద్దుతాను.